రోజుల అట్ట

ఫిబ్రవరి 9

అత్తకు,

చేరిన రోజే ఉత్తరం రాయమన్నావు. చేరి పది రోజులైంది. ఆలస్యానికి కారణమంటూ ఏమీ లేదు. కాగితం ముందు పెట్టుకుని కూర్చున్నాను, లేచాను, అంతే.

గది నేను తాళం వేసి వచ్చినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. టీ గ్లాసు కడగకుండానే వచ్చేశానట, అడుగున నల్లగా ఎండి అంటుకుపోయింది. నీళ్ళు పోసి నానబెట్టాను. ఇప్పటికీ నానుతూనే ఉంది. వేరే గ్లాసులో తాగుతున్నాను.

ఆఫీసులో ఒక్కొక్కరే వచ్చి పలకరించారు. ఎదురు కుర్చీ ఆవిడ, "ఏడ్చెయ్యమ్మా, లోపల దాచుకోకు" అంది. దాచుకోవడానికి లోపల ఏమైనా ఉంటే కదా! సరేనన్నాను. కాలు తిమ్మిరెక్కినప్పుడు నేల తగులుతూనే ఉంటుంది కానీ ఆ కాలు మనది కాదన్నట్టు ఉంటుంది చూడు, అలా ఉంది. నొప్పి లేదు. నా గురించి బెంగపడకు.

డైరీలో మాత్రం రాసుకున్నాను. "జనవరి 19. నాన్న. ఉన్నట్టుండి, గుండె ఆగి." నువ్వు ఫోన్‌లో చెప్పింది చెప్పినట్టే రాశాను. ఏది జరిగినా తేదీ వేసి రాయడం ఇక్కడ అలవాటు చేశారు.

పనిలో పడ్డాను. జూన్‌లో ఉద్యోగం ఖాయం చేసే కాగితం రావాలి. అంతవరకు ఒళ్ళు దగ్గర పెట్టుకుని ఉండాలి. రంగుల కాగు దగ్గర ఒక్కదానివే బరువులు ఎత్తకు.

నీ
పంతులమ్మ


ఫిబ్రవరి 20

ఒసేయ్ పంతులమ్మా,

ఉత్తరం అందింది. రెండుసార్లు చదివాను. ఒకసారి అక్షరాలు కూడబలుక్కోడానికి, ఒకసారి సంగతి తెలుసుకోడానికి. ఫోన్‌లో అయితే నాకు సగమే వినపడుతుంది, ఆ సగం కూడా నాకు అక్కర్లేనిదే. ఉత్తరమే నయం. నా తప్పులు ఎర్ర సిరాతో దిద్ది వెనక్కి పంపకు. పోయినసారి పక్క కొట్లో దర్జీ చూసి ఒకటే నవ్వు. కాగు ఆవిరి పట్టిన కిటికీ అద్దం మీద వేలితో రాయించి నేర్పావు. ఆరిపోయే అక్షరాలు నేర్పితే ఇంతకన్నా గుండ్రంగా ఎలా వస్తాయే?

అద్దకం పని ఆగలేదు. ఆస్పత్రి వాళ్ళవి నలభై కర్టెన్లు వచ్చాయి, లేత ఆకుపచ్చ. మీ నాన్న ఉంటే ఒక ముంచులో తేల్చేవాడు. నాకు మూడు ముంచులు పట్టింది. చేతులు మోచేతుల దాకా పచ్చగా ఉన్నాయి. దర్జీ, "అక్కా, రేపు చిగురేస్తావు" అన్నాడు.

ఒక మాట అంటాను, కోప్పడకు. వచ్చి తొమ్మిది రోజులున్నావు. తొమ్మిది రోజులూ గోడ గడియారం వంకే చూశావు. ఎదురు కొట్లో తాళాలాయన భార్య నన్ను పక్కకి పిలిచి, "పిల్లకి రైలు వేళయిందా ఏంటి?" అంది. పెద్ద ఉద్యోగం, తీరిక ఉండదు అని చెప్పాను. చెప్పాను గానీ గుచ్చుకుంది. వాడు పోయిన ఇంట్లో కూర్చుని టైము చూసుకునేంత పని ఏముందే?

ఇంతకీ ఆ పని ఏంటో ఈసారి నాకు తెలిసేలా రాయి. అడిగినవాళ్ళకి సూర్యుణ్ణి కొలుస్తుంది అని చెప్తున్నాను. "అంత టేపు ఎక్కడ కొన్నదో అడుగు" అంటాడు దర్జీ.

మీ అత్త


మార్చి 6

అత్తకు,

గడియారం సంగతి నిజమే. టైము చూసుకోవడం కాదు. ఏమిటో చెప్పడం కష్టం, వదిలెయ్.

పని గురించి రాస్తాను. ఎండలో మన కంటికి కనపడని వెలుగు ఒకటుంది. అతినీలలోహిత కిరణాలంటారు. వాటి చుట్టాలను నువ్వు ఎరుగుదువు, కర్టెన్లు వెలిసిపోయేది వాటివల్లే. నేను కొలిచేవి అంతకన్నా పదునైనవి. అవి నేల దాకా రావు. వంద మైళ్ళ పైన ఉన్న పలచటి గాలే వాటిని తాగేస్తుంది. తాగి వేడెక్కి, కాగులో నీళ్ళు పొంగినట్టు పైకి పొంగుతుంది. సూర్యుడు మందగిస్తే ఆ గాలి చల్లబడి కిందికి దిగుతుంది. ఆ ఎత్తులోనే ఉపగ్రహాలు తిరుగుతాయి. గాలి పొంగితే వాటికి అడ్డు తగిలి జారతాయి, తగ్గితే జారవు. ఏది ఎప్పుడు జారుతుందో, ఏది దేన్ని ఢీకొంటుందో లెక్క వేసేవాళ్ళు మా అంకె కోసం చూస్తుంటారు.

కిరణాలు కిందికి రావు కాబట్టి పరికరమే పైకి వెళ్ళాలి. మా ఉపగ్రహంలో అది ఉంది. చిక్కంతా ఒక్కటే. ఏ వెలుగుని కొలుస్తుందో ఆ వెలుగే దాని కంటిని మసకబారుస్తుంది. అంకె తగ్గిందనుకో, సూర్యుడు తగ్గాడా, పరికరానికి చూపు తగ్గిందా? అందుకని ఒకేలాంటివి రెండు పంపారు, పెద్దది, చిన్నది అన్నవి మేం పెట్టుకున్న పేర్లే. పెద్దది రోజూ సూర్యుణ్ణి చూస్తుంది. చిన్నదాన్ని మూత తలుపు వేసి చీకట్లో ఉంచుతారు. మూడు నెలలకోసారి పది నిమిషాలు తెరిచి, నువ్వేం చూశావని అడిగి, మళ్ళీ మూసేస్తారు. ఏమీ చూడనివ్వకుండా దాచిపెట్టినదే నిజం చెప్పగలదని నమ్మకం. ఆ తలుపు తెరిచి మూసే పని నాది.

పెద్దదాని అంకె క్రమంగా పడిపోతోంది. నూటికి ఏడు పాళ్ళు. చిన్నదాన్ని ఏప్రిల్ 19న తెరుస్తాం. అది కూడా అదే మాట అంటే సూర్యుడే తగ్గినట్టు. మే నెల సమావేశంలో మా పెద్దాయన ఆ సంగతి ప్రకటిస్తాడు.

దర్జీ గారిని అడిగానని చెప్పు. నేను వచ్చినప్పుడు ఆయన ఒక్క మాటా మాట్లాడలేదు.

నీ
పంతులమ్మ


మార్చి 19

పంతులమ్మకి,

అర్థమైంది. చదువు రానిదాన్నే గానీ అంత మొద్దుని కాదు.

చీకట్లో ఉంచడం, తలుపు మూయడం, దాచిపెట్టినదే నిజం చెప్తుంది అనడం. ఇదంతా సూర్యుడి గురించేనా? చదువుకున్నదానివి, మొహం మీద అడగడం బాగుండదని చుట్టూ తిప్పి రాశావు. చివర్లో దర్జీ పేరు ఎత్తేసరికి తెలిసిపోయింది. వాడేనా చెప్పింది?

నేను కావాలని చేసింది కాదు. ఏది దాచినా పాడవకూడదనే దాస్తారు. అంతకన్నా ఇప్పుడు రాయలేను. ఆస్పత్రి వాళ్ళు కర్టెన్లు పట్టుకెళ్ళారు. ఒకటి తక్కువ వచ్చిందని గొడవ పెట్టి, తర్వాత వాళ్ళ దగ్గరే దొరికింది.

మీ అత్త


ఏప్రిల్ 21

అత్తకు,

నెలరోజులు జవాబు రాయలేదు. నీ ఉత్తరం చూసి భయపడ్డాను. నేను దాచినది నీకెలాగో తెలిసిపోయిందనుకున్నాను. ఆఫీసు నుంచి ఎవరైనా నీకు రాశారేమో, దర్జీ గారికి ఇక్కడ ఎవరైనా తెలుసేమో అని రకరకాలుగా ఆలోచించాను. తర్వాత నిదానంగా చదివితే నీ మాటలు నా సంగతికి అతకలేదు. నువ్వు దేని గురించి రాశావో నాకు తెలియదు. నేను చురక వెయ్యలేదు. సూర్యుడి గురించి రాసింది సూర్యుడి గురించే.

నేను దాచినది చెప్తాను. ఎవరికైనా చెప్పాలి.

జనవరి 19 పొద్దున పదీ నలభైకి చిన్నదాని తలుపు తెరిచాను. పది నిమిషాలాగి మూయమని మళ్ళీ మనమే ఆజ్ఞ పంపాలి. తెరిచిన సమయం రిజిస్టరులో రాసేటప్పుడే మూసిన సమయం కూడా రాసి సంతకం పెట్టేయడం నా అలవాటు. పది నిమిషాలే కదా. పదీ నలభై నాలుగుకి నీ ఫోన్ వచ్చింది. విన్నాను. సంచి తీసుకుని లేచాను. ఎదురు కుర్చీ ఆవిడ స్టేషన్ దాకా వచ్చింది. ఆవిడకి రిజిస్టరులో తలుపు మూసినట్టే కనపడింది.

ఇంట్లో గడియారం ఎందుకు చూశానంటే, ఏదో చెయ్యడం మర్చిపోయానని తెలుస్తోంది, అదేమిటో గుర్తు రావడం లేదు. గడియారం చూస్తే గుర్తొస్తుందనిపించేది. నాన్న కోసం చెయ్యాల్సిందేదో మర్చిపోయాననుకున్నాను. పూర్తిగా మూయని కుళాయి చప్పుడులాగా తొమ్మిది రోజులూ అదే. మిగతాదేదీ నాలోకి దిగలేదు.

జనవరి 30 మధ్యాహ్నం వచ్చి కుర్చీలో కూర్చోగానే చూశాను. తలుపు తెరిచే ఉంది. మూసేశాను. ఆ వరుస అంకెలు చూసే పని నా ఒక్కదానిదే. ఎవరికీ చెప్పలేదు.

మొన్న 19న మళ్ళీ తెరిచాం. పెద్దది ఏం చెప్పిందో చిన్నదీ అదే చెప్పింది, నూటికి ఏడు. అందరూ చప్పట్లు కొట్టారు. పెద్దాయన టీ ఇప్పించాడు. "మా అమ్మాయి మూడేళ్ళ నుంచి కాపలా కాసిన సాక్షి ఇది" అన్నాడు నా భుజం మీద చెయ్యి వేసి. నేను నవ్వాను. సూర్యుడు అంత తగ్గబట్టి కాదు, చిన్నదాని కన్నూ మసకబారబట్టి రెండూ ఒకే మాట అన్నాయి. నాకొక్కదానికే తెలుసు.

సమావేశం మే 12న. చెబితే ఉద్యోగం పోవచ్చు. మన ఇంట్లో వేలిముద్ర కాకుండా సంతకం పెట్టిన మొదటి మనిషిని నేను, ఆ సంతకం జరగనిదాని కింద ఉంది. చెప్పకపోతే తప్పుడు అంకె లోకం మీదికి పోతుంది. చెప్పినంత మాత్రాన చిన్నదాని కన్ను బాగుపడదు, అదెలాగూ పాడైంది. మరి చెప్పి ఏం లాభం, అని ప్రతి పొద్దునా అనుకుంటున్నాను. భయం కూడా సరిగ్గా వెయ్యడం లేదు అత్తా. భయపడాలి అని మాత్రం తెలుస్తోంది.

నీ
పంతులమ్మ


ఏప్రిల్ 29

ఒసేయ్ పిచ్చి పంతులమ్మా,

నువ్వు అద్దకం ఇంట్లో పుట్టావని మర్చిపోయావా?

డాబా మీద మీ నాన్న వేలాడదీసే రోజుల అట్ట గుర్తుందా? చిన్నప్పుడు దాని మీద అంకెలు వేసింది నువ్వే. ఎవరో హోటలువాళ్ళు వస్తారు. గదిలో ఆరు కర్టెన్లుంటే ఒకటి చిరిగింది, మిగతా అయిదింటికి కలిసేలా ఒకటి అద్దిపెట్టమంటారు. ఆ అయిదూ వెలిసినవి. కొత్త రంగు వేస్తే కలవదు. మీ నాన్న కంటితో చూసి ఎప్పుడూ కలపలేదు. రంగేసిన గుడ్డని ముక్కలు కోసి, ఒక ముక్క ఒక రోజు, ఇంకో ముక్క రెండు రోజులు, ఇంకోటి మూడు, అలా ఎండలో ఉంచి అట్ట మీద వరసగా కుట్టేవాడు. ఏ రంగు ఎన్నాళ్ళకి ఎంత దిగుతుందో అందులో ఉండేది. వచ్చినవాణ్ణి ఒక్కటే అడిగేవాడు, ఎన్నాళ్ళు కట్టారు, ఏ వైపు కిటికీకి అని.

వాళ్ళు అబద్ధాలు చెప్పేవాళ్ళు. మూడేళ్ళు కట్టి ఆర్నెల్లు అనేవాళ్ళు, మీ రంగు మంచిది కాదు అని తగ్గించి అడగడానికి. మీ నాన్న విసుక్కోకుండా మళ్ళీ అడిగేవాడు. "రోజులు నిజం చెప్పండి, రంగు సంగతి నేను చూసుకుంటాను" అనేవాడు. నిజం చెప్పినవాడి కర్టెను ఏనాడూ తేడా రాలేదు. అబద్ధం చెప్పినవాడిదే చెడింది.

నీ పెద్దది మొదటి రోజు నుంచీ ఎండలోనే ఉందన్నావు. మొదటి పదకొండు రోజుల్లో దానికెంత దిగిందో మీ దగ్గర రాసి లేదా? రెండూ ఒకే తానులో ముక్కలన్నావుగా. మరి అదేగా నీ అట్ట. వెలిసిన గుడ్డ పాడైన గుడ్డ కాదే. ఎన్నాళ్ళు వెలిసిందో తెలియని గుడ్డే పనికిరాదు. వెళ్ళి రోజులు చెప్పు. గంటలు తెలిస్తే గంటలూ చెప్పు.

ఇంక నా సంగతి. నీకు ఈ మాట చెప్పి నేను దాచుకుని కూర్చుంటే రేపు దర్జీ మొహం కూడా చూడలేను.

మీ నాన్న ఉన్నట్టుండి పోలేదు. జనవరి 15 రాత్రి ఆయాసం వచ్చింది. ఆస్పత్రిలో చేర్చాం. "పిల్లకి చెప్పకక్కా, 19న తలుపు తెరిచే పనుందని రాసింది, అది అయ్యాక చెబుదాం" అన్నాడు. నేనూ సరే అన్నాను. రెండ్రోజులు బాగానే ఉన్నాడు, పక్క మంచం కర్టెను చూసి రంగు ఎవరు వేశారో గానీ గీతలు పడ్డాయి అని వంకలు పెట్టాడు. మూడో రోజు డాక్టరు, పిల్లని పిలిపించుకోండి అన్నాడు. నేను పిలవలేదు. పిలిస్తే నిజమైపోతుందనిపించింది. నాలుగో రోజు, 19న పొద్దున ఎనిమిదింటికి, కళ్ళు తెరిచి "బయల్దేరిందా అక్కా?" అన్నాడు. బయల్దేరింది అన్నాను. నీకింకా ఫోన్ చెయ్యలేదు. పదిన్నరకి పోయాడు.

అందరికీ చెప్పాను, పిల్ల దగ్గర ఆస్పత్రి మాట ఎత్తొద్దని. దర్జీ నోరు మూసుకుని ఉన్నది వాడి జన్మలో ఆ తొమ్మిది రోజులే.

నేను నీ దగ్గర దాచింది నాలుగు రోజులు. తిట్టాలనుంటే తిట్టు. చదువుకుంటాను.

మీ అత్త


మే 16

అత్తకు,

మే 4న పెద్దాయన గదికి వెళ్ళాను. కుర్చీ చూపించాడు, నిలబడే చెప్పాను. రిజిస్టరు తెప్పించి ఆ పేజీ చూశాడు. తర్వాత ఒక్కటే అడిగాడు.

"ఎంతసేపు తెరిచి ఉంది?"

"పదకొండు రోజుల మూడు గంటలు."

"అంత కచ్చితంగా తెలుసా?"

"తెలుసండీ. మూసింది నేనే."

కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. "ఇది ఫిబ్రవరిలో చెప్పాల్సిన మాట" అన్నాడు. అవునన్నాను. రోజుల అట్ట గురించి చెప్పాను. మా నాన్న అద్దకం పని చేసేవాడని మూడేళ్ళలో మొదటిసారి ఆ గదిలో అన్నాను. ఆయన లేచి, పెద్దది పైకి వెళ్ళిన కొత్తలోని కాగితాలు తనే తెచ్చాడు. అయిదు రోజులు కూర్చున్నాం. కొత్త కన్ను మొదటి రోజుల్లోనే ఎక్కువ మసకబారుతుంది, ఆ లెక్కన చిన్నది పదకొండు రోజుల్లో ఎంత మసకబారి ఉంటుందో తేలింది. అది తీసేస్తే సూర్యుడు తగ్గింది ఏడు కాదు, రెండు పాళ్ళు. పైన గాలి మేం అనుకున్నంతగా దిగలేదు. సమావేశంలో రెండనే చెప్పారు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. రెండు పాళ్ళకి ఎవరు కొడతారు!

నాకు మెమో ఇచ్చారు. తలుపు పని ఆర్నెల్లు ఎదురు కుర్చీ ఆవిడకి అప్పగించారు. ఉద్యోగం ఖాయం కావడం ఏడాది వెనక్కి జరిగింది. పొమ్మనలేదు. ఆవిడ, "నీ తలుపు నాకు అంటగట్టావు గదా తల్లీ, ఇక నేనూ గడియారం చూస్తూ చావాలి" అంది.

రిజిస్టరు దిద్దించారు. ఇక్కడ తప్పు రాసినదాన్ని చెరపకూడదు, సిరా పులమకూడదు. పాతది చదవడానికి వీలుగా ఒకే గీత కొట్టి, పైన సరైనది రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. పెట్టాను. గదికి వచ్చాక డైరీ తీసి, "ఉన్నట్టుండి" అన్నదాని మీద ఒక గీత కొట్టాను. పైన రాశాను, "జనవరి 15 నుంచి 19 దాకా. నాలుగు రోజులు." దాని కింద ఇంకో వరుస రాశాను. "19న ఎనిమిది నుంచి పదిన్నర దాకా నేను దారిలో ఉన్నాననుకున్నాడు."

తిట్టమన్నావు. కోపం ఉందేమోనని వెతికాను. ఏదో ఉంది, ఇంకా పేరు పెట్టలేను. తిమ్మిరి వదిలేటప్పుడు ముందు సూదులు గుచ్చినట్టు ఉంటుంది, బహుశా అదేనేమో, కాకపోవచ్చు కూడా. టీ గ్లాసు కడిగాను. మరక పోలేదు.

ఆ నాలుగు రోజులు నాకు ఒక్కొక్కటీ కావాలి. ఏ మంచం, కిటికీ ఏ వైపు, ఏ పూట ఏం అన్నాడు, పక్క మంచం కర్టెను ఏ రంగు. ఉత్తరంలో వద్దు, ఎదురుగా చెప్పు. పది రోజులు సెలవు పెట్టాను. 23వ తేదీ పొద్దున ఎనిమిది దాటాక దర్జీ గారు గానీ ఇంకెవరైనా గానీ అడిగితే, బయల్దేరిందని చెప్పు. రైలు ఏడున్నరకి.

నీ
పంతులమ్మ